పడవ ముక్కున నిలబడే మనిషి

మినోసె,
జూన్ 12

ప్రియమైన శ్రీవారికి,

ఇక్కడ వానలు మొదలయ్యాయి. ఏరు కొద్దిగా పొంగింది గాని నీళ్లు తేటగానే ఉన్నాయి. ఒకటో తారీఖున అయు చేపల వేట తెరిచారు. తెల్లవారకముందే మా అన్నయ్య దుకాణం ముందు నుంచి వంతెన దాకా కార్లు నిలిచాయి. అన్నయ్య మోకాళ్లు ఈ ఏడు అసలు వంగడం లేదు. ఊటనీళ్ల తొట్టిలోంచి దీమాలుగా వాడే బతికున్న చేపల్ని వలతో తీసి ఇవ్వడమంతా నా పనే అయింది. వదిన చీట్లు రాస్తుంది. అన్నయ్య కుర్చీలో కూర్చుని వచ్చిన వాళ్లందరినీ తిడతాడు. ఆ తిట్లు తినడానికే కొందరు వస్తారని వదిన అంటుంది.

చేపలు ఈసారి సన్నగా ఉన్నాయి. ఏప్రిల్‌లో నీళ్లు చల్లగా ఉండటం వల్ల రాళ్ల మీద నాచు ఆలస్యంగా పట్టిందట. పట్టిన చోట మాత్రం పోట్లాట బాగానే ఉంది. ఎద్దురాయి దగ్గర ఒక పెద్దమనిషి తన దీమాన్ని ముక్కుకి దారం కట్టి వదలగానే, తన చోట్లోకి వచ్చిందని అక్కడి చేప వచ్చి గుద్ది దాని వెనక వేలాడే గాలానికి చిక్కింది. ఆయన కాలు జారి నడుము దాకా మునిగి కూడా కర్ర వదల్లేదు.

ఇంటికి చాలాసార్లు ఫోను చేశాను. మోగుతూనే ఉంది. సాయంత్రాలు ఎక్కడికి వెళ్తున్నారు? పడవ ముక్కుకి కట్టిన టైరు మార్చమని వచ్చేముందు చెప్పాను. మార్చారా? మార్చిలో, గాలం వెయ్యడానికి మన పడవెక్కే హిరోసె గారి ఐసుపెట్టె రాతికీ పడవకీ మధ్య నలిగినప్పుడే ఆ టైరు చీలింది. ఆయన ఏమీ అనలేదు గాని, మనమే కొత్త పెట్టె ఇవ్వడం మర్యాద.

ముల్లంగి ఊరవేసిన తొట్టి మీది బరువు తియ్యకండి. తీస్తే బూజు పడుతుంది.

తాళ్లు తడిగా చుట్టి పెట్టరని నమ్ముతూ,
తమయో


అరకుచి రేవు,
జూన్ 26

ప్రియమైన తమయోకి,

ఉత్తరం అందింది. నేను సాయంత్రాలు ఎక్కడికీ వెళ్లడం లేదు. ఫోను పాడైంది, మోగదు. ఉప్పుగాలి తీగల్ని తినేసి ఉంటుంది. టెలిఫోను మనిషిని పిలిపించాను. విప్పి చూసి, అంతా బాగానే ఉందని ఏదో గొణిగి వెళ్లిపోయాడు. ఈ కాలంవాళ్లు నోరు తెరిచి మాట్లాడరు. ఇకమీద ఉత్తరాలే రాయి. ముఖ్యమైన సంగతులు ఫోనులో చెప్పుకునేవి కావు.

టైరు మార్చాను. లారీ టైరు దొరికింది. హిరోసె గారికి పెట్టె కూడా ఇచ్చాను. పాతదానికంటే పెద్దది కొన్నానని నవ్వాడు. దాని నిండా గురె చేపలు పట్టించే బాధ్యత కూడా నాదేనట.

వేసవి కాబట్టి రేవులో మూడు పడవలే తిరుగుతున్నాయి. అయినా రోజూ సాయంత్రం షెడ్డులో రాయి-కాగితం-కత్తెర తప్పడం లేదు. గెలిచినవాడు మర్నాడు గాలం వేసేవాళ్లని దింపడానికి సముద్రంలోని రాళ్లలో తనకి కావలసింది ముందుగా ఎంచుకుంటాడు. నేను ఓడిపోతున్నాను. చాప రాయి ఎప్పుడూ పక్క పడవ కుమెజోకే. నా వాళ్లని పిల్లి రాయి మీద దింపుతున్నాను. అక్కడ ఏం పడతాయో నీకు తెలుసు.

నిన్న కుమెజో అందరి ముందూ నా చెయ్యి పట్టుకుని, "ఒరే యాసు, ఈ పిడికిలి తుప్పుపట్టిందిరా, నూనె వెయ్యనా? రోజూ రాయి, రాయి, రాయి. మీ ఆవిడ ఆడినప్పుడు కాగితం, కత్తెర కూడా ఉండేవి" అన్నాడు. షెడ్డంతా నవ్వారు. నేనూ నవ్వాను. వాడు కేక కూడా సరిగ్గా వెయ్యడు. 'జాన్, కెన్, పోన్' అని తెలిసేలా అంటే కదా ఎప్పుడు చెయ్యి తెరవాలో తెలిసేది. ఆలస్యంగా తెరిస్తే ఎదుటివాడిది చూసి వేశానంటారు. ఆ మాట పడటం కంటే మూసి ఉంచడమే మేలు. రాయి మరీ చెడ్డదేం కాదు.

మీ అన్నయ్యని అడిగానని చెప్పు. మొదటిసారి మీ ఏటికి వచ్చినప్పుడు నన్ను తిట్టిన తిట్టు నాకింకా గుర్తుంది. "సముద్రపోడా, అది తిమింగలం కాదు, దీమం. అలా ఈడిస్తే దాని ముక్కు ఊడి వస్తుంది" అన్నాడు. ఆ రోజు ఎన్ని దీమాలు చంపానో నువ్వే లెక్కపెట్టావు. నవ్వకుండా లెక్కపెట్టావు.

ముల్లంగి బాగానే ఉంది.

యాసుకిచి


మినోసె,
జూలై 13

ప్రియమైన శ్రీవారికి,

వానలు తగ్గాయి. ఏరు రెండుసార్లు బురదగా పొంగి తగ్గాక రాళ్లు శుభ్రపడి కొత్త నాచు పట్టింది. చేపలు లావెక్కాయి. కోసినప్పుడు పుచ్చకాయ వాసన వస్తోంది.

మొన్న ఒక బ్యాంకు ఆఫీసరు వచ్చాడు. కొత్త కర్ర, కొత్త టోపీ, అన్నీ కొత్తవే. మంచి దీమాలు రెండు ఏరి ఇచ్చాను. మా తొట్టిలో ఊటనీళ్లు, చేతులు కొంకర్లు పోయేంత చల్లన. ఏటి నీళ్లు వెచ్చగా ఉన్నాయి, కొంచెం కొంచెంగా కలుపుతూ అలవాటు చెయ్యమని చెప్పాను. తల ఊపాడు. గట్టు దిగి రెండిటినీ ఒక్కసారే ఏట్లో వేశాడు. అవి వెల్లకిలా పడ్డాయి. పైకి వచ్చి, "చచ్చిన చేపలిచ్చారు" అన్నాడు.

అన్నయ్య కుర్చీలోంచే, "నిన్ను ఐసుగదిలోంచి తీసి వేడినీళ్ల తొట్టిలో పడేస్తే నువ్వు లేచి బ్యాంకుకి వెళ్తావా?" అన్నాడు.

"మీ చెల్లెలు సరిగ్గా చెప్పలేదండీ."

"మా చెల్లెలు చెబితే అవతలి గట్టున ఉన్నవాడు టోపీ తీసి నిలబడ్డాడు. నీకు వినపడలేదంటే అది నీ చెవుల తప్పు" అన్నాడు అన్నయ్య.

చివరికి వదిన ఇంకో చేపనిచ్చి పంపింది. సాయంత్రం ఆయన బుట్ట నిండా పట్టుకొచ్చి అన్నయ్యకి దండం పెట్టి వెళ్లాడు.

ఒక సంగతి మీకు చెప్పాలి. నిన్న భోజనాల దగ్గర అన్నయ్య దుకాణం సంగతి ఎత్తాడు. తనకిక చేతకాదట. వదినకి కూడా ఓపిక లేదు. ఏడాదంతా నేనిక్కడే ఉండి దుకాణం తీసుకుంటే తమకి నిశ్చింత అన్నాడు. లేకపోతే తొట్లు పగలగొట్టించి మూసేస్తాడట.

"అరవై దగ్గర పడుతోంది నీకు. చలికాలంలో పడవ ముక్కున నిలబడి గాలికి ఎదురు కేకలు వెయ్యడం ఇంకెన్నాళ్లు? బావకి ఎవరో ఒకరు దొరుకుతారు" అన్నాడు.

"ఆయనకి ఎవరో ఒకరు సరిపోరు. నేను ఆగమంటే ఆగుతారు, తొయ్యమంటే పడవని రాతికి తోస్తారు. ఇంకొకరి మాట వింటారో లేదో" అన్నాను.

అక్టోబరు ఆఖరులోగా జవాబు చెప్పమన్నాడు. మిమ్మల్ని అడిగి చెబుతానన్నాను. మీరేమంటారో రాయండి. ఇది ఫోనులో చెప్పుకునే సంగతి కాదని మీరన్న మాట నిజమే.

వదిన రోజూ పొద్దున్నే అల్లం తేనె కలిపి ఇస్తోంది. తాగుతున్నాను. ఎందుకని అడగకండి.

జవాబు ఆలస్యం చెయ్యరని,
తమయో


అరకుచి రేవు,
జూలై 30

ప్రియమైన తమయోకి,

ఎండలు మండుతున్నాయి. కాని ఇదేం వేసవో తెలియడం లేదు. కొండ మీద ఒక్క కీచురాయి కూడా అరవడం లేదు. ప్రతి ఏడూ ఈ పాటికి చెవులు బద్దలయ్యేవి. అడవిశాఖ వాళ్లు మందు కొట్టారేమో. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది.

మీ అన్నయ్య చెప్పింది బాగానే ఉంది. నువ్వు అక్కడే ఉండు.

ఈ శీతాకాలానికి పడవ ముక్కున హిరోసె గారు నిలబడతారు. అడిగాను, సరే అన్నారు. పాతికేళ్లుగా మన పడవెక్కుతున్న మనిషి, ప్రతి రాయీ తెలుసు. గొంతు పెద్దది. స్నానాల ఇల్లు నడిపినవాడు కదా, ఆవిరిలో అరిచి అరిచి అలవాటు.

వేరే కారణమేమీ లేదు. అక్కడ పని ఉంది, నువ్వు అక్కడ పుట్టినదానివి. చలికాలం ఇక్కడి గాలి నీకు మంచిది కాదు. నేను నెలకొకసారి వస్తాను. చేపలు లేనప్పుడు మీ అన్నయ్య కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేయించు.

చలికోట్లు, బూట్లు పార్సిలు చేసి పంపనా? పడవ మీద వేసుకునే నూనెగుడ్డ కోటు ఇక్కడే ఉంచుతాను. దానితో అక్కడ పనుండదు.

యాసుకిచి


మినోసె,
ఆగస్టు 21

శ్రీవారికి,

పితృదేవతల పండుగ అయిపోయింది. దీపాలు ఏట్లో వదిలాం. సాయంత్రాలు చల్లబడుతున్నాయి.

మీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయబుద్ధి కాలేదు. కోటు సంగతి చదివాక ఆ ఉత్తరాన్ని మడిచి డ్రాయరులో పెట్టేశాను. పొద్దున్న నాలుగింటికి లేచి మీ పక్కన పడవెక్కడం మొదలుపెట్టి ముప్పై ఏళ్లు దాటింది. నన్ను వద్దనుకుంటే వద్దని రాయవచ్చు. గాలి మంచిది కాదని రాయక్కర్లేదు.

మార్చిలో జరిగినదానికే మీరిలా అంటున్నారనుకున్నాను. చాప రాయి దగ్గర హిరోసె గారు దిగారు, ఆయన పెట్టె అందిస్తున్నాను. అల లేచింది. "ఆగండి" అన్నాను. మీరు తోశారు. నేను కాలు లాక్కున్నాను, పెట్టె ఉండిపోయింది. మీరు అల వల్ల అన్నారు. నేనూ అందరితో అల వల్లే అని చెప్పాను. ఇంటికొచ్చాక ఆ సంగతి ఇద్దరం ఎత్తలేదు.

మొన్న హిరోసె గారు ఇక్కడికి వచ్చారు. పండుగ అయ్యాక అయు చేపలు పడతానని కర్ర పట్టుకుని దిగారు. నన్ను చూసి అదోలా తల వంచారు, చావు ఇంటికి వచ్చినట్టు.

"ఎలా ఉందమ్మా ఇప్పుడు?" అన్నారు, చాలా మెల్లగా.

"ఏది?"

"మీరు మాట్లాడకండి. తల ఊపితే చాలు."

"ఏమైందండీ మీకు?" అన్నాను. అప్పటికే రెండు దీమాలు పట్టుకుని ఉన్నాను, చేతిలో కొట్టుకుంటున్నాయి. "ఎవరైనా ఏమైనా చెప్పారా?"

ఆయన వెనక్కి తిరిగి చూశారు. అవతలి గట్టున గాలం వేస్తున్నవాళ్లిద్దరు మావైపు తిరిగారు.

"మీ ఆయన చెప్పారమ్మా. మా తమయో గొంతు పోయింది, రెండేళ్లుగా కేక పడవ వెనక్కి అందడం లేదు, తనకి చెబితే బాధపడుతుంది, ఏదో ఒక వంకతో పుట్టింట్లో ఉంచేస్తాను, మీరు నిలబడండి అన్నారు. నేను సరేనన్నాను. తీరా చూస్తే మీరు ఏరు అవతలి వాళ్లని పిలుస్తున్నారు."

అన్నయ్య కుర్చీలో నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. "దానికి గొంతు పోవడమా? దాని గొంతుకి భయపడే మా నాన్న దాన్ని సముద్రం ఒడ్డుకిచ్చాడు" అన్నాడు.

హిరోసె గారు సాయంత్రం దాకా ఉన్నారు. పెద్దగా ఏమీ పట్టలేదు. వెళ్లేముందు, "నేను మీ పడవలో పాతికేళ్లుగా రాతి మీదకి దూకుతున్నది మీ కేక మీదేనమ్మా. నాకు ఎప్పుడూ అందింది. మార్చిలో కూడా అందింది" అన్నారు.

ఆ తర్వాత మీ ఉత్తరాలు రెండూ తీసి మళ్లీ చదివాను. ఫోను మోగదు గాని పాడవలేదు. టెలిఫోను మనిషి గొణిగాడు. కుమెజో గారు కేక సరిగ్గా వెయ్యరట, ఆయన అరిస్తే నేను ఇంట్లో గిన్నెలు తోముకుంటూ విని, ఆట మొదలైందని తెలుసుకునేదాన్ని. 'పోన్' అన్నది వినపడదు కాబట్టి మీ పిడికిలి మూసినది మూసినట్టే ఉండిపోతుంది. ఇక కొండ మీద ఎవరూ మందు కొట్టలేదు. అక్కడి కీచురాళ్ల రొదకి పండుగ మూడు రోజులూ నిద్ర లేదని హిరోసె గారు చెప్పారు.

పోయింది నా గొంతు కాదు.

పట్నంలో చెవుల డాక్టరు ఉన్నాడు. వెళ్లండి.

తమయో


అరకుచి రేవు,
సెప్టెంబరు 29

తమయోకి,

తుపాను రేవు తప్పి పోయింది. పడవలకేమీ కాలేదు.

నీ ఉత్తరం చదివి కోపంతో ఒక జవాబు రాశాను. పంపలేదు. అందులో ఫోను సంగతే ఎక్కువ రాశాను.

తర్వాత షెడ్డుకి వెళ్లి కుమెజోని అడిగాను, కేక వేస్తున్నది ఎవరని.  వాడు దగ్గరికొచ్చి చెవిలో చెప్పాడు. "నేనేరా. ఇరవై ఏళ్లుగా నేనే. రేవు అవతల కుక్కలు లేస్తాయి నేనరిస్తే. నువ్వు కావాలని రాయి వేస్తున్నావనుకున్నాం. పెళ్లాం మీద బెంగతో వేస్తున్నావని మావాళ్లు అంటే నేను సమర్థించాను కూడా."

డాక్టరు దగ్గరికీ వెళ్లాను. చిన్న పిల్ల. నన్ను గాజు తలుపున్న పెట్టెలో కూర్చోబెట్టి, చేతికి ఒక మీట ఇచ్చి, శబ్దం వినపడినప్పుడు నొక్కమంది. చాలాసేపు ఊరికే కూర్చున్నాను. యంత్రం పనిచెయ్యడం లేదేమో చూడమ్మా అన్నాను. ఆమె నవ్వలేదు. కాగితం మీద గీత గీసి చూపించింది. లావు శబ్దాలు ఉన్నాయి, సన్నవి లేవు. రెండు చెవులూ అంతే. ఇంజను పక్కన నిలబడేవాళ్లకి వస్తుందట. ఇక పెరగదు. చెవిలో పెట్టుకునే యంత్రం రాసిచ్చింది. పెట్టుకుని పడవెక్కాను. ఇంజను తప్ప ఇంకేమీ వినపడలేదు. తీసేశాను.

మర్నాడు షెడ్డులో కుమెజో 'పోన్' అన్నప్పుడల్లా బల్ల మీద అరచేత్తో కొట్టాడు. దెబ్బ నా మోచేతికి తెలిసింది. కత్తెర వేశాను. గెలిచాను. అందరూ చప్పట్లు కొట్టారు, అది కనిపించింది.

చాప రాయికి ఎవరినీ తీసుకెళ్లలేదు.

మార్చిలో నీ కాలు పెట్టె పక్కనే ఉంది. నువ్వు రాసేదాకా ఆ సంగతి నాకు తెలియదు. చుక్కాని చక్రం దగ్గర నుంచి నీ భుజాలే కనిపిస్తాయి, కింద ఏముందో కనపడదు. ముప్పై ఏళ్లూ నీ కేక వినే ఆపాను, వినే తోశాను. ఆ కేక వినపడని మనిషి పడవని రాతికి ఆనించకూడదు. అల వల్ల అని నువ్వందరికీ చెప్పావు. అల కాదు.

పడవని గట్టుకి లాగించాను. హిరోసె గారికి, మిగతావాళ్లకి కుమెజో పడవెక్కమని చెప్పాను. ఈ శీతాకాలం దాన్ని దించను. తర్వాత అమ్మేయాలో ఏం చెయ్యాలో చూద్దాం. నువ్వు మీ అన్నయ్యకి సరేనని చెప్పు. ముందు రాసిన కారణం తప్పు. ఈ కారణం తప్పు కాదు.

నేను అక్కడికి వచ్చి తొట్లు కడుగుతాను. అది చెవులతో చేసే పని కాదు.

యాసుకిచి


మినోసె,
అక్టోబరు 18

ప్రియమైన శ్రీవారికి,

కొండలు పైనుంచి ఎర్రబడుతున్నాయి. అయు చేపలు గుడ్లు పెట్టడానికి దిగువకి వెళ్లిపోయాయి. మొన్నటితో దీమాలు అమ్మడం ఆపేశాం. మిగిలినవి ఉప్పు రాసి కాల్చాం. మీకు కొన్ని ఎండబెట్టాను.

మీ ఉత్తరం అందిన రోజు అన్నయ్యకి జవాబు చెప్పేద్దామనుకున్నాను. సరేనని చెప్పాలనే కూర్చున్నాను. కాని తొట్టి దగ్గర చేతులు తుడుచుకుంటుంటే ఒక సంగతి గుర్తొచ్చింది. అది మీకు తెలియదు. చెప్పడానికి నాకు సిగ్గు వేసి చెప్పలేదు.

గొంతు పోయిందని మీరొక్కరే అనుకోలేదు. నేనూ అనుకున్నాను.

రెండు శీతాకాలాల కిందట మొదటిసారి ఆగమంటే మీరు ఆలస్యంగా ఆపారు. తర్వాత ఇంకోసారి. మీరు ఏనాడూ ఆలస్యం చెయ్యని మనిషి. అందుకని తప్పు నాదే అయి ఉంటుందనుకున్నాను. వయసు మీద పడి గొంతు తగ్గిందనుకున్నాను. చెబితే నన్ను దింపేసి ఇంకెవరినైనా పెట్టుకుంటారు. చెప్పలేదు. మెడలో ఉన్న తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాను. ఆగమన్నప్పుడల్లా కేక వేస్తూ తువ్వాలు పైకెత్తాను. తొయ్యమన్నప్పుడు దించాను. ఒక్కసారి కూడా మీరు తప్పలేదు. హమ్మయ్య, పని జరుగుతోంది అనుకున్నాను. ఆ రెండు శీతాకాలాలూ ప్రతి రాయి దగ్గరా అలాగే చేశాను. మీరేమీ అడగలేదు.

అల్లం తేనె అందుకే తాగాను. ఈ ఏడు అన్నయ్య అడగ్గానే కాదని అననిది కూడా అందుకే.

కాబట్టి కేక వినపడని మనిషి పడవని ఆనించకూడదని మీరు రాసింది సరికాదు. రెండేళ్లుగా మీరు నా కేక వినడం లేదు. వినకుండానే అన్ని రాళ్ల దగ్గరా ఆపారు, అందరినీ దింపారు, ఎక్కించుకున్నారు. మార్చిలో మాత్రం నా రెండు చేతులతో హిరోసె గారి పెట్టె పట్టుకుని ఉన్నాను. తువ్వాలు మెడలో ఉంది. అప్పుడు ఉన్నది కేక ఒక్కటే.

నేనిక పెట్టెలు అందించను. హిరోసె గారు ముందు దిగనక్కర్లేదు. నా వెనక నిలబడి సామాను ఆయనే అందిస్తారు. ఉత్తరం రాసి అడిగాను, వస్తానన్నారు. గాలి కొంచెం ఎక్కువున్నా పడవ తీయం. చాప రాయి, పిల్లి రాయి, రేవు కట్ట, ఈ మూడే. దూరం రాళ్లు కుమెజో గారికి వదిలేద్దాం. ఇది మీకు ఇష్టం లేకపోతే పడవని గట్టు మీదే ఉంచండి. కాని ముందు నన్ను అక్కడికి రానివ్వండి, అప్పుడు ఉంచండి.

అన్నయ్యకి వద్దని చెప్పాను. కాసేపు మోకాలు రుద్దుకున్నాడు. "వెళ్లు. బావకి చెవులు ఎప్పుడున్నాయి గనక. మొదటి రోజే నా మాట విని ఉంటే ఆరు దీమాలు బతికేవి" అన్నాడు. ఒక తొట్టి ఉంచి రెండు మూయిస్తున్నాడు. వచ్చే జూన్‌లో ఎప్పటిలాగే వస్తానని చెప్పాను.

నవంబరు మూడో తారీఖు మధ్యాహ్నం బస్సుకి దిగుతాను. ఆ సాయంత్రం షెడ్డులో నేనే ఆడతాను. బల్ల మీద కొట్టనక్కర్లేదని కుమెజో గారికి చెప్పండి.

నూనెగుడ్డ కోటు ఎండలో వేసి ఉంచండి.

తమయో


అరకుచి రేవు,
అక్టోబరు 27

ప్రియమైన తమయోకి,

పడమటి గాలి మొదలైంది. గురె చేపలు ఒడ్డు దగ్గరికి వస్తున్నాయని కుమెజో అంటున్నాడు. ఇప్పుడు వాడు నాతో మాట్లాడేటప్పుడు ఎదురుగా నిలబడుతున్నాడు.

తువ్వాలు సంగతి. నువ్వు దాన్ని ఎత్తడం నేను చూశాను. మొహాన పడిన నీళ్లు తుడుచుకుంటున్నావనుకున్నాను. ఈ మధ్య మాటిమాటికీ తుడుచుకుంటోందేమిటి, వయసు మీద పడింది అనుకున్నాను. నువ్వు తుడుచుకున్నప్పుడల్లా చేతులు వాటంతట అవే ఇంజను తగ్గించేవి. ఎందుకో ఆలోచించలేదు.

నిన్న పడవ దించాను. జనాన్ని ఎక్కించుకోలేదు. హిరోసె గారు ఒక్కరే ముక్కున నిలబడ్డారు. పిల్లి రాయి దగ్గర పొద్దంతా ఆనించడం, వెనక్కి తియ్యడం. గొంతు ఎత్తవద్దని ఆయనకి ముందే చెప్పాను. అయినా పొద్దంతా అరుస్తూనే ఉన్నారట. కట్ట మీద నుంచి విన్న కుమెజో చెప్పాడు.

తెల్ల తువ్వాలు రెండుసార్లు నురగలో కలిసిపోయింది. నాకు కనపడలేదు, ఆగాను. తర్వాత ఆయన మెడలోని ఎర్ర గుడ్డ చేతికి కట్టి చూశాం. అది ప్రతిసారీ కనిపించింది.

బస్సెక్కే ముందు పట్నంలో ఎర్రది ఒకటి కొనుక్కురా. రెండు కొను. ఒకటి గాలికి పోతుంది.

కోటు ఎండలో వేశాను.

యాసుకిచి